గడప దాటని కాలం

“జపానూ లేదు, గిపానూ లేదు. పెందుర్తిలో ఫంక్షనుకి మనోళ్ళు ఎదురుసూత్తన్నారు, బేగి నడు!” అంటూ సాయిశంకర్ భార్య లాప్‌టాప్ మూసేశాడు.

మధ్యయుగ జపాన్‌లో కాలం మీద రోజారమణి చేసే పరిశోధన మొదటి మీటింగు ఆ ఉదయమే ఆన్‌లైన్‌లో జరగాలి.

అత్త ఆదిలక్ష్మమ్మ గుమ్మానికి అడ్డంగా పీటేసుకుంది. “రాహుకాలంరా. అది పోయేదాకా ఎవులూ గడప దాటడానికి లేదు.”

అతను గొణుక్కుంటూ వెళ్ళి మంచమెక్కాడు.

మూసిన లాప్‌టాప్ చూసి రోజారమణికి ఏడుపొచ్చింది. “అప్పటి జపానోళ్ళూ ఇంతే అత్తా. చెడ్డరోజని తలుపులేసుకునీవోరు. భయం!”

“భయమేటే? మీ మావ సేపల గంపెత్తుకోమన్నప్పుడల్లా నానూ రాహుకాలమనీదాన్ని. నడుం వాల్చడానికి ఇంకో దారేది? నీ మీటింగు మొదలెట్టు.”

కాసేపటికి లోపల మంచం మీంచి సాయిశంకర్ కేక వినిపించింది. “పోయిందేటే అమ్మా?”

కేలండరు ప్రకారం రాహుకాలం ఎప్పుడో పోయింది. రోజారమణి మైకు ఆపి, అత్తకంటే ముందే బదులిచ్చింది.

“ఇంకా ఉందండీ!”