పద్నాలుగు సెకన్లు

"ఈయన మీకేమైనా అవుతారా?" అని కూడలి దగ్గర పెద్ద ఇంజనీరు ఆమెను అడిగాడు.

"లేదు సార్. మా వీధిలో ఉండే పెద్దాయన."

పక్కనే నిలబడ్డ మామగారు అవునని తలూపాడు. పైగా, "ఎప్పుడు దాటమంటారు మేడమ్?" అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఏం చేస్తుంది మరి? వృద్ధులు రోడ్డు దాటడానికి పచ్చదీపం పద్నాలుగు సెకన్లు వెలిగితే చాలని లెక్క కట్టింది ఆమే. ఎనభై ఏళ్ల మనిషి కళ్లెదుట దాటితేనే సంతకమని పెద్ద ఇంజనీరు భీష్మించుకున్నాడు. ఇంట్లోవాళ్లు పనికిరారన్నాడు. బయటివాళ్లెవరూ రామన్నారు. నెల కిందట భోజనాల దగ్గర ఆ గోడు వెళ్లబోసుకుంటే, "నేనున్నాగా అమ్మాయ్" అన్నాడు మామగారు. రోడ్డు వెడల్పెంతని కూడా అడిగాడు. నలభై అడుగులని చెప్పింది. పద్నాలుగు సెకన్లు మించితే తన ఏడాది కష్టం మట్టిపాలేనని కూడా చెప్పింది.

పచ్చదీపం వెలిగింది. కంచం ముందు నుంచి లేచి చేయి కడుక్కోవడానికే పావుగంట పట్టే మనిషి, తలెత్తకుండా చకచకా అవతలికి చేరిపోయాడు.

"పదమూడు," అన్నాడు పెద్ద ఇంజనీరు గడియారం చూసి. "మీ లెక్కకు తిరుగులేదమ్మా." ఊళ్లో ఉన్న వంద కూడళ్లకూ అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

అవతల మామగారు స్తంభం పట్టుకుని రొప్పుతున్నాడు. దగ్గరికి వెళ్తే బండారం బయటపడుతుందని ఆమె పెద్ద ఇంజనీరు కారెక్కి కూర్చుంది. మామగారు ఎలా ఇల్లు చేరాడో ఆ దేవుడికే తెలియాలి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు. అత్తగారు ఆయన మోకాళ్లకు మందు రాస్తోంది.

"అత్తయ్యా, అందరి ముందూ మామయ్యని పరాయివాణ్ణి చేసేశాను. ఆయన మొహం ఎలా చూడను? సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"పోనీలేవే. వచ్చాక చెప్పుకుని తెగ నవ్వారు. నువ్వు గెలిచావుగా, అంతే చాలట."

ఆమె మనసు కాస్త కుదుటపడింది. "అబద్ధమాడినా నా లెక్క అబద్ధం కాలేదు. మామయ్యే దాటగలిగారంటే ఇంక ఈ ఊళ్లో ఏ ముసలివాళ్లకీ భయం లేదు."

అత్తగారి చేయి ఆగిపోయింది.

"నెల్లాళ్లుగా మేడమీద సుద్దగీతలు గీసుకుని పరుగు నేర్చుకున్నారే."