మొలక శాతం

“మళ్ళీ పరీక్ష నాకేనా డాక్టరుగారూ?”

బల్ల మీదున్న తన ఫైలు కేసి చూస్తూ అడిగింది ఆమె. నాలుగేళ్ళలో అది ఇటుకరాయంత మందమైంది. నెత్తురు పరీక్షలు, స్కానింగులు, గర్భసంచి గొట్టాల్లోకి రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే రోజున నొప్పికి తాళలేక బల్ల అంచు పట్టుకుంటే గోరు విరిగింది. అన్ని కాగితాల కిందా ఒకటే మాట: లోపమేమీ లేదు.

“నీకు కాదమ్మా, మీ ఆయనకి. మొదటి నెలలోనే రాసిచ్చాను. ఆ ఒక్క కాగితం ఇంతవరకూ నా బల్ల మీదికి రాలేదు. అది చూడకుండా నీ పొట్టకి కత్తి పెట్టను, మీ అత్తగారు ఎంత తొందరపెట్టినా సరే.”

పక్క కుర్చీలో మొగుడు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. బయటికొచ్చాక అందుకున్నాడు.

“నాకేం రోగం? మా అన్నయ్యకి ఇద్దరు, మూడోది కడుపులో ఉంది. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళం.”

“బావగారు భోంచేస్తే మీ కడుపు నిండుతుందా?”

ఇంటికెళ్ళేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. సంగతి విని ఇంతెత్తున లేచింది.

“చేను చవుడైతే గింజనంటావుటే? ఆ ఆపరేషనేదో చేయించుకో. లేదంటే మీ అన్నకి ఫోన్ చేస్తా, వచ్చి తీసుకుపోతాడు.”

ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎన్ని ఉరుములైనా తన మీదే పిడుగులయ్యేవి. ఆ పూట మాత్రం ఆమె తలొంచలేదు.

“నా ఉద్యోగమే గింజలు చూడటం అత్తయ్యా. నూరు గింజలు తడి కాగితంలో చుట్టి, ఏడోనాడు మొలకలు లెక్కపెడతాం. పంట రాలేదని ఎవడొచ్చినా ముందు గింజ చూస్తాం. ఈ ఇంట్లోనే నాలుగేళ్ళుగా నేలని తవ్వి పోస్తున్నారు!”

విత్తన పరీక్ష కేంద్రంలో పదేళ్ళ సర్వీసు ఆమెది. అత్తగారికి అంత పొడుగు జవాబు వినడం అలవాటు లేదు. విసురుగా లోపలికెళ్ళిపోయింది.

మేడమీద వాటాలో ఉండే తోడికోడలు మెల్లగా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

“వదిలెయ్యి చెల్లీ. మగాళ్ళని ఆ పరీక్షలకి తరమకు.”

“నువ్వు కూడానా అక్కా?”

“నాకూ అయిదేళ్ళు కడుపు పండలేదు. నేనడిగానా మీ బావగారిని? నోరు మూసుకుని ఓర్చుకున్నా. పుట్టారు.”

ఆమె చెయ్యి విదిలించుకుంది. ఆ ఓర్పు మాట వింటేనే ఒళ్ళు మండింది. మొగుడి ఎదుటికెళ్ళి నిలబడింది.

“సోమవారం లోపు ఆ పరీక్ష కాకపోతే మీ అమ్మ ఫోన్ చెయ్యక్కర్లేదు, నేనే పోతా. ఊరికే పోను. మీ లేతు షాపుకొచ్చి, మీ పనివాళ్ళందరి ముందూ అడిగి మరీ పోతా.”

ఇనుపకడ్డీని వెన్నలా కోసే మనిషి, ఆ మాటకి నీరుగారిపోయాడు.

సోమవారం పొద్దున్నే కొత్త పేచీ పెట్టాడు. “ఆ ఆసుపత్రి గదిలో, బయట నర్సులు కాచుకుని ఉంటే, నావల్ల కాదు. ఇంట్లోనే తీసి పట్టుకెళ్తా.”

ల్యాబు వాళ్ళు సరేనన్నారు. అరగంటలో రావాలి, చల్లబడకుండా ఒంటికి ఆనించి తేవాలి, అంతే. డబ్బా మీద అతని పేరు ఆమే రాసింది. కింద అమ్మ తిరుగుతూ ఉంటుంది, సిగ్గంటూ అతను మేడెక్కాడు. ఎప్పుడూ ఏడింటికల్లా షాపు తెరిచే బావగారు ఆవేళ తొమ్మిదైనా ఇంకా పైనే ఉన్నాడు. కాసేపటికి మొగుడు చొక్కా జేబులో డబ్బాతో దిగి, ఎవరి మొహమూ చూడకుండా “పద” అన్నాడు.

అతన్ని ల్యాబులో దింపి, ఆలస్యంగా ఆఫీసుకెళ్ళింది. అక్కడ ఒక విత్తనాల వ్యాపారి పొట్లం పట్టుకుని కూర్చున్నాడు. అసలే కాకమీదుందేమో, విరుచుకుపడింది.

“పొట్లం కట్టి తెస్తే తీసుకోమయ్యా. బస్తాలో బొంగు గుచ్చి నమూనా మేమే తియ్యాలి. ఇది ఏ బస్తాదో నాకేం తెలుసు?”

“నమ్మకం లేదా మేడమ్?”

“గింజ దగ్గర నమ్మకమేమిటి? పట్టుకుపో.”

మర్నాడు సాయంత్రం రిపోర్టు తీసుకుని తిన్నగా ఇంటికొచ్చింది. ముందుగదిలో అందరూ ఉన్నారు. బావగారు చిన్నపిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తున్నాడు. కవరు చింపి, నిలబడే చదివింది. రెండోసారి గట్టిగా చదివింది.

“వీర్యకణాలు సున్నా. ఒక్కటంటే ఒక్కటి లేదు!”

అత్తగారు చతికిలబడింది.

“నాలుగేళ్ళు! గొడ్రాలన్నారు. పక్కింటి పాపని ఎత్తుకుంటే చేతుల్లోంచి లాక్కున్నారు. సూదులు నాకు, గొట్టాలు నాకు, తిట్లు నాకు. ఇప్పుడనండి అత్తయ్యా, చవుడు ఎక్కడుందో!”

మొగుడి చూపు రిపోర్టు మీద లేదు, అన్న మీద ఉంది. మేడమెట్ల మీద తోడికోడలు దిగుతున్నదల్లా కడుపు మీద చెయ్యి వేసుకుని ఆగిపోయింది.

“అబద్ధమని చెప్పరా!” తల్లి గుండెలు బాదుకుంది. “నోరు పడిపోయిందా?”

“ఏం చెప్తారు? పదేళ్ళుగా గింజలు చూస్తున్నా, ఇలాంటి తాలు చూళ్ళేదు. రేపే ఈ కాగితం తెచ్చి మీ షాపు తలుపుకి అంటిస్తా. మీ పనివాళ్ళూ చదువుకుంటారు, వాళ్ళ యజమాని ఏపాటి మగాడో!”

ఆ మాట తగలరాని చోట తగిలింది. అతను కుర్చీ తన్ని లేచాడు. బావగారు “ఒరేయ్, వద్దురా” అంటూ ఒళ్ళోని పిల్లని కిందికి దించాడు.

“ఆ డబ్బాలోది అన్నయ్యది!”