సైడివ్వని కారు

ఎర్ర కారు ఆ శుక్రవారం కూడా సైడివ్వలేదు.

సుబ్బరాజు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

ఆయనది భీమవరం. వృత్తికి మత్తు డాక్టరు. ఆస్పత్రిలో అందర్నీ నిద్రపుచ్చుతాడు, రోడ్డెక్కితే ఎవర్నీ నిద్రపోనివ్వడు. స్కాట్లండ్ కొండల్లోకి రాకముందు చాలాకాలం లండన్ పక్కన స్లౌలో పనిచేశాడు గానీ, పేరులోనే స్లో ఉన్న ఊరు కూడా ఆయనకు ఆ గుణం నేర్పలేకపోయింది.

పక్క సీట్లో భార్య రాజ్యం. రాజుగారు గేరు మార్చినప్పుడల్లా రాజ్యం గడగడలాడుతూ ఉంటుంది.

శుక్రవారం డ్యూటీ దిగి, టౌను లైబ్రరీలో పనిచేసే రాజ్యాన్ని ఎక్కించుకుని ఇంటికి బయల్దేరేసరికి పొద్దు వాలుతుంది. దారంతా అడవి. సరిగ్గా అడవి మొదట్లో ఆ పాత ఎర్ర కారు కాచుక్కూర్చుంటుంది. వీళ్లు రాగానే ముందుకొచ్చి, రోడ్డు మధ్యన, పెళ్లి ఊరేగింపులా నడుస్తుంది. అడవి దాటి వీళ్ల ఊరి కొట్టు దగ్గరకు రాగానే వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది.

నెల రోజులుగా ఇదే వరస.

"వెళ్లాల్సిన ఊరు లేదు, చెయ్యాల్సిన పని లేదు. మన రంగు చూసి కావాలని చేస్తున్నాడు" అన్నాడు సుబ్బరాజు.

"అక్టోబరులో దుప్పులు రోడ్డు మీద పడతాయని బోర్డు పెట్టారు కదండీ. మెల్లగానే వెళదాం" అంది రాజ్యం.

"దుప్పి వస్తే దుప్పటి కప్పి పడుకోబెడతా. కొమ్ములు తిరిగినవాళ్లనే పడుకోబెట్టినోణ్ణి, కొమ్ములున్నదాన్ని పడుకోబెట్టలేనా?"

కొట్టు దగ్గర ఎర్ర కారు మలుపు తీసుకోబోతుంటే సుబ్బరాజు దిగి అడ్డం నిలబడ్డాడు. అద్దం దించిన మనిషి ముసలాయన. నెత్తిన ఉన్ని టోపీ.

నీ సమస్య ఏమిటని సుబ్బరాజు ఇంగ్లీషులో గట్టిగానే అడిగాడు. రోడ్డు నీ తాతదా అన్నది ఇంగ్లీషులో సరిగ్గా కుదరక, అది మాత్రం తెలుగులో అడిగాడు.

ముసలాయన సుబ్బరాజు భుజం మీదుగా, కారులో కూర్చున్న రాజ్యం వైపు చూశాడు. టోపీ కొంచెం పైకెత్తాడు. జాగ్రత్తగా ఇంటికి చేరండని చెప్పి వెళ్లిపోయాడు.

"చూశావా వెటకారం? వచ్చే శుక్రవారం వాణ్ణి దాటకపోతే నా పేరు రాజు కాదు."

తీరా ఆ శుక్రవారం వస్తే ఎర్ర కారు లేదు.

"తోక ముడిచాడు" అన్నాడు సుబ్బరాజు. నెల రోజుల కసినంతా ఏక్సిలేటరు మీద చూపించాడు. రాజ్యం వద్దండీ, వద్దండీ అంటూనే ఉంది.

ఎదురుగా ఒక బేకరీ వ్యాను వస్తూ లైట్లు కొట్టింది. ఆర్పి, మళ్లీ కొట్టింది.

భీమవరం రోడ్డులో లైటు కొడితే ఒకటే అర్థం: నేనొస్తున్నా, తప్పుకో. తప్పుకునే వంశం కాదు సుబ్బరాజుది. నేనూ వస్తున్నానని తనూ లైట్లు కొట్టాడు, ఇంకా తొక్కాడు.

మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా దుప్పి.

బ్రేకు పడేలోపు అది కారు ఎడమ పక్కకు వచ్చి పడింది. రాజ్యం ఉన్న పక్క.

వ్యాను వెనక్కి తిరిగి వచ్చింది. నడిపే ఆవిడ పేరు మొరాగ్. అంబులెన్సుకు ఫోను చేసి, తన కోటు తీసి రాజ్యానికి కప్పింది. చెయ్యి విరిగింది, నుదురు పగిలింది, మాట మాత్రం ఉంది. ఎందరినో తెలివి తప్పించిన సుబ్బరాజు, భార్య తెలివి తప్పకుండా ఎలా చూసుకోవాలో తోచక, ఆవిడ పేరే పలుకుతూ కూర్చున్నాడు.

ముందు దుప్పి ఉంది, ఆగమని లైట్లు కొట్టానే, తిరిగి లైట్లు కొట్టారేమిటని మొరాగ్ అడిగింది.

ఆంగస్ ఉంటే ఇలా జరిగేది కాదని ఆవిడే అంది. ఎర్ర కారు, ఉన్ని టోపీ. మొన్న మంగళవారం నిద్రలోనే పోయాడట.

"ఆయనకు మా ఊళ్లో ఏం పని ఉండేది?" అని అడిగాడు సుబ్బరాజు.

పనేమీ లేదంది మొరాగ్. ఇల్లు అడవికి అవతలే. దుప్పుల కాలంలో పొద్దు వాలితే చాలు, ఎవరి కారు వస్తే వాళ్ల ముందు నడిచేవాడట. ఏది దూకినా ముందు తన కారు మీదే దూకాలని.

మరుసటి శుక్రవారం సుబ్బరాజు అద్దె కారులో అడవి మొదట్లో ఆగాడు. పక్కన కట్టు కట్టిన చేత్తో రాజ్యం. వెనక నుంచి ఓ నల్ల కారు దూసుకొస్తుంటే, దాని ముందుకు వెళ్లి, రోడ్డు మధ్యన, పెళ్లి ఊరేగింపులా నడపసాగాడు.

వెనకవాడు హారన్ మోగించాడు. లైట్లు కొట్టాడు. అద్దం దించి ఏదో అరిచాడు.

"తిట్టనీ. సైడిచ్చేది లేదు" అన్నాడు సుబ్బరాజు.

మలుపు దాటాక రాజ్యం మెల్లగా అంది.

"మొరాగ్ నిన్న ఇంకో మాట చెప్పిందండీ. ఆంగస్‌గారి భార్య ఇక్కడే, ఇలాగే పక్క సీట్లో ఉండగా దుప్పి గుద్ది పోయిందట. ఆ సాయంత్రం ముందున్న కారుకి హారన్ కొట్టి కొట్టి, పక్కకు జరిపించి మరీ దూసుకెళ్లింది ఆయనేనట."