గోడకు చెప్పిన మాట

గాజువాకలో మందుల కంపెనీ క్వార్టర్స్‌లో ఉండే హైమావతికీ పక్కింటి నూకరత్నానికీ ఒకటే ఉద్యోగం, ఒకటే జీతం. కానీ రత్నం ఇంట్లో గోడ మాట్లాడేది. ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండమని, కంపెనీ ఆరోగ్య బీమా కింద మాటలు నేర్పిన గోడ అది. రోజూ పొద్దున్నే రత్నం తల్లి ఊపిరి విని, "ఈరోజు బాగుందమ్మా" అనేది. హైమావతి ఇంటి గోడ మూగది. తన అత్త సన్యాసమ్మ ఆయాసపడుతుంటే, పక్కింటి పలకరింపు వినపడి హైమావతికి కడుపు మండేది. రత్నం మేనేజరును కాకా పట్టిందనుకుని ఆమెతో మాటలు మానేసింది.

ఒక ఉదయం సన్యాసమ్మ ఊపిరాడక వంటగదిలో కూలబడింది. హైమావతి వెళ్ళి రత్నం తలుపు బాదింది. రత్నం తన గోడ చేత డాక్టరును పిలిపించింది. ముసలామె తేరుకున్నాక, తన గోడ ఎందుకు పలకదోనని హైమావతి ఫోనులో బీమా ఫారం తెరిచింది; రత్నం తొంగి చూసింది.

"ఏటే హైమా, మీ అత్త పేరే రాయలేదు!"

"కన్నోళ్ళకే ఇస్తారనుకున్నానే."

"అత్తమామలకీ ఉందే. సదవకుండా సంతకం ఎట్టేసి, నా మీద ఏడుస్తావేటి?"

హైమావతి తల దించుకుంది. ఆ పూటే ఇద్దరూ కూర్చుని పేరు చేర్చారు.

మర్నాడు హైమావతి ఇంటి గోడ పలికింది. "సన్యాసమ్మగారూ, ఎలా ఉన్నారు?"

"ఏటి సెప్పమంతావు నాయినా! రెండేళ్ళ నుంచీ గుండెల్లో పట్టేస్తంది. కోడలు బెంగెట్టుకుంటాదని సెప్పనేదు."

హైమావతి గోడకేసి కోపంగా చూసింది. రెండేళ్ళుగా తనకు చెప్పని మాటను అత్త దానికి ఒక్క పలకరింపుకే చెప్పేసింది. ఆమె వెళ్ళి, గోడకు అడ్డంగా అత్త ఎదురుగా కూర్చుంది.

"నా కాడ ఇంకేటి దాసేవత్తా?" అని అడిగింది.