మూయగానే చెరిపేసే బ్రౌజర్

"తలుపెయ్యరా ముందు! మీ బావ నా వెనకాలే వస్తున్నాడేమో చూడు."

కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడి దుకాణంలోకి ఆమె దూసుకొచ్చింది. కుట్టుపని సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. మిట్టమధ్యాహ్నం ఎండలో వట్టి కాళ్ళతో పరిగెత్తుకొచ్చిందేమో, అరికాళ్ళు భగ్గుమంటున్నాయి. చెప్పులేసుకునే వ్యవధి ఎక్కడిది? మొగుడు స్నానానికి వెళ్ళి కుళాయి తిప్పిన చప్పుడు కాగానే, కుర్చీ ఎక్కి, తలుపు పైభాగాన అతను కొత్తగా బిగించిన గొళ్ళెం తీసి బయటపడింది.

తమ్ముడు షట్టరు సగానికి దించాడు. "కూర్చో అక్కా, ముందు కాసిని మంచినీళ్ళు తాగు" అంటూ ఆమె పాదాల వంక చూసి, ఫోన్లో ఏదో కొట్టి పక్కన పెట్టాడు.

"నీ బేరాలు తర్వాత చూసుకోరా. ఇక్కడ నా ప్రాణం మీదికొచ్చింది."

"ఏమైందో చెప్పు."

"మీ బావ నన్ను చంపేస్తాడ్రా."

ఆ మాట పైకి అనేసరికి ఆమెకే ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళ కాపురంలో గట్టిగా ఒక్క మాట అనని మనిషి. అసలు భయమంతా అక్కడే. అరిచే మొగుడైతే ఆ అరుపు వినైనా జాగ్రత్తపడొచ్చు. ఇతను నవ్వుతూ కాఫీ కప్పు అందిస్తాడు.

"బలం మాత్ర వేసుకోమని రోజూ నా వెంటపడుతున్నాడు. నేను ఉమ్మేస్తున్నానుగా, అందుకని కొత్త దారి వెతుకుతున్నాడు. నిన్న పిల్లిలా వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను. ఏం టైపు చేస్తున్నాడో తెలుసా? కాఫీలో మాత్ర పొడి కలిపితే రుచి తెలుస్తుందా, అని! నన్ను చూసి టక్కున మూసేశాడు. తర్వాత నేను తెరిచి చూస్తే ఏముంది, నా తలకాయ! అంతా ఖాళీ. చూసినవన్నీ ఎటు పోయాయిరా?"

తమ్ముడు ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఈ బ్రౌజర్ అంతే అక్కా. మూయగానే చూసినవన్నీ చెరిపేస్తుంది."

"అలాంటిది ఎవరు పెట్టుకుంటారు? దొంగపనులు చేసేవాళ్ళేగా!"

"అందరూ అందుకే కాదులే." అతను విప్పి ఉన్న ఒక కీబోర్డును అటూ ఇటూ తిప్పాడు. "ఒకావిడ వచ్చింది ఇక్కడికి. తనకేదో జబ్బని తెలిసి, పాపం, నెట్‌లో దాని గురించి ఒక్కసారి చూసుకుంది. అంతే, ఇక అది వదిలితేనా? పాట పెట్టుకుంటే ఆ జబ్బు మందుల ప్రకటన. వాన పడుతుందేమోనని చూస్తే, అలాంటి రోగుల్ని ఉంచుకునే చోటు గురించి ప్రకటన. మనం ఏం వెతికామో కనిపెట్టి వెంటపడతాయవి. 'ఉన్నన్నాళ్ళయినా దాన్ని తలుచుకోకుండా బతకాలి' అని బావురుమంది. అప్పుడు ఏరి ఏరి ఈ బ్రౌజరే పెట్టాను. ఇది ఆ గూఢచారుల్ని లోపలికి రానివ్వదు. ఇంట్లోవాళ్ళు ఆవిడ కోసం ఏం వెతికినా, తర్వాత ఆవిడ కూర్చున్నప్పుడు ఆ జాడ ఉండదు."

"అయ్యో పాపం!" అందామె, తన గోల ఒక్క క్షణం మరిచి. మరుక్షణం మళ్ళీ షట్టరు వంక చూసింది. "ఆవిడ సంగతి వేరు. మీ బావకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాడు. నా కత్తెరలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. కత్తెర లేకుండా నేనేం కుట్టను? పైగా ప్లీడరుగారికని నేను కుట్టి పెట్టిన చొక్కా కుట్లు విప్పి చెయ్యి మార్చేశాడు. ప్లీడరుగారు తొడుక్కుని చూస్తే రెండూ ఎడమ చేతులే! నలుగురిలో నాకు పిచ్చని ముద్ర వేస్తే, ఆ తర్వాత నన్నేం చేసినా అడిగేవాడుండడు. అదీ ఆయన ఎత్తు."

"బావ అలాంటివాడు కాదక్కా."

"నీకేం తెలుసురా! పోలీస్ స్టేషన్‌కి పోదాం, లే. చెరిపేసినవన్నీ వాళ్ళే బయటికి లాగుతారు."

అంతలో బయట స్కూటర్ ఆగింది. ఆ మోత ఎవరిదో ఆమెకు తెలుసు. పైప్రాణాలు పైనే పోయాయి. షట్టరు కింద రెండు కాళ్ళు కనబడ్డాయి.

"ఇందాక ఫోన్ ఆయనకేనా?" ఆమె గోడకు అతుక్కుపోయింది. "తోడబుట్టినవాడివి, నువ్వు కూడానా?"

భర్త వంగి లోపలికొచ్చాడు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో ఆమె చెప్పులున్నాయి.

"కాళ్ళు కాలాయా?" అని మాత్రం అడిగాడు. కింద కూర్చుని, చెప్పులు ఆమె ముందు పెట్టాడు.

"దగ్గరికి రాకు!" ఆమె కేక పెట్టింది. "అడగరా! ఏ తప్పూ చేయనివాడికి ఈ బ్రౌజర్ ఎందుకో అడుగు!"

భర్త బావమరిది వంక చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడి ఏడుపు దేనికో ఆమెకు అర్థం కాలేదు. బల్ల మీది ల్యాప్‌టాప్ వంక చూసింది.

"ఇందాక చెప్పావే... ఆవిడకి ఏం జబ్బురా?"

"మరుపు జబ్బక్కా. ఒక్కొక్కటే పోతూ ఉంటుంది."

"ఎవరావిడ? నేనెరుగుదునా?"

తమ్ముడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వే, అక్కా."