సీటుకు గుర్తున్న కొలతలు

అరకు కొండబాటలకు గట్టి సైకిలు ఎంచుకుని, పాతది ఎక్స్ఛేంజికి ఇచ్చేసింది హరిణి. ఆఫీసు క్యాంపులకు వెళ్లినప్పుడల్లా భర్త మురారి మడిచి వెంట తీసుకెళ్లిన సైకిలు అది; హరిణి ఎన్నడూ ఎక్కలేదు. ఈ కాలపు సైకిళ్లన్నిటిలాగే, తొక్కినవాళ్ల కొలతలన్నీ గుర్తుపెట్టుకుని సీటు దానంతటదే సర్దుకుంటుంది.

“పాత కొలతలు చెరిపేసేముందు వరసగా ఓపాలి ఆడించి చూస్తానమ్మా,” అన్నాడు షాపు గౌరినాయుడు.

“చూడక్కర్లేదు, చెరిపేయండి,” అన్నాడు మురారి తొందరగా.

అప్పటికే సీటు మురారి ఎత్తుకు లేచింది. తర్వాత బాగా కిందికి దిగింది. హ్యాండిలు కూడా దగ్గరికి జరిగింది.

“ఇది మీ పాపకా అమ్మా?”

హరిణికీ మురారికీ పిల్లల్లేరు.

సీటు మళ్లీ కదిలింది. ఏడాదికి కాస్త చొప్పున ఆమె కళ్లముందే పెరుగుతూ పెరుగుతూ, హరిణికి సరిపోయేంత ఎత్తుకు వచ్చాక ఆగింది.