ఆరు సీసాలు

"లిస్టులో మన ఊరు లేదంటగా?" ముబీనా చెప్పులైనా విడవకముందే సంపూర్ణమ్మ అడిగేసింది.

ముబీనా తలొంచుకుంది. కంకిపాడు దాటాక కాలువ కింద చివరి ఊరది. బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. పోయిన వేసవిలో ఆ ఊరి ఆరు బోర్ల నీళ్ల మీదే ముబీనా ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసింది. పర్యావరణశాస్త్రం, భూమి, నీటి యాజమాన్యం ఆమె చదువు. ఆ తర్వాతెప్పుడో మంచినీటి పైపులైను మంజూరైంది. ముందు ఏ ఊళ్లకు వేయాలో తేల్చడానికి ఆఫీసువాళ్లు ఇలాంటి ప్రాజెక్టు రిపోర్టులే తెప్పించుకున్నారు. స్వయంగా వచ్చి చూసే ఓపిక వాళ్లకెక్కడిది!

"మా నీళ్లు భేషుగ్గా ఉన్నాయని రాశావంట. నీకు మేమేం అపకారం చేశామమ్మా?"

"మీటరు చూపించిందే రాశాను ఆంటీ. ఒకటికి మూడుసార్లు చూశాను."

లోపల సంపూర్ణమ్మ భర్త నతానియేలు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి బెజవాడ వెళ్లొస్తాడు. తన కిడ్నీలు పోయింది ఆ నీళ్లవల్లేనని ఆయన నమ్మకం. మనవలనైనా ఆ నీళ్లు తాగనివ్వకూడదని పైపు కోసం రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆయన ముఖం చూసే ధైర్యం ముబీనాకు లేకపోయింది.

నిన్ననే ఆమె కాలేజీకి వెళ్లి ప్రాజెక్టు గైడు పవన్‌కుమార్ గారిని నిలదీసింది.

"నా అంకెలు ఎవరైనా మార్చారా సార్?"

"మార్చడమేంటి? ల్యాబులో చేసింది నువ్వు, సంతకం నీది. ఆరు బోర్లూ ఒక్కలాగే వచ్చాయి. అంత శుభ్రమైన డేటా మీ బ్యాచ్‌లో ఎవరూ తేలేదు. డిస్టింక్షన్ ఊరికే ఇచ్చామా?"

"కానీ ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయని ఊరంతా అంటోంది సార్."

"ఊరి నాలుక కొలమానం కాదమ్మా."

ఆ డిస్టింక్షన్ తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

"మళ్లీ లిస్టెప్పుడు వేస్తారు?" అంది సంపూర్ణమ్మ.

"మూడేళ్ల తర్వాతంట."

మంచం మీంచి చిన్న దగ్గు వినిపించింది. ఇద్దరూ అటు చూడలేదు.

"తప్పు నాదే ఆంటీ," అంది ముబీనా. "ప్రతి బోరు దగ్గరికీ నేనే వెళ్లి నీళ్లు పట్టుకోవాల్సింది. ఆ రోజు ఎండదెబ్బకి మీ అరుగు మీంచి లేవలేక సీసాలు మీ చేతిలో పెట్టాను. పాపం మీరే ఆరు బోర్లూ తిరిగి పట్టుకొచ్చారు."

సంపూర్ణమ్మ మంచం వైపు చూసింది. మెల్లగా అడిగింది.

"ఆ నీళ్లు చూసే నీకు మార్కులేస్తారని చెప్పావు కదమ్మా?"

"అవునాంటీ. ఏం?"

సంపూర్ణమ్మ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

"నీకు మార్కులు తగ్గకూడదని, ఆయన కోసం కొన్న క్యాన్ నీళ్లు పోశానమ్మా."